సైకిలుకి వదిలిన దారి

ప్రకాశం పెదనాన్న గారింట్లో కొన్న కొత్త కారు వాళ్ళ షెడ్డులో పట్టలేదట. ఈ వేసవిలో ఊరికి వెళ్ళగానే విన్న మొదటి కబురు అది. తోటలో మాకు మిగిలిన నాలుగు చెట్ల కాపు ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి కాబట్టి ఏటా ఒకసారి ఏలూరు నుంచి బస్సెక్కి నూజివీడులో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో మా ఊరు వెళ్తాను. మేము వదిలేసిన పాత ఇంట్లో ఇప్పుడు మా చిన్నాన్న కూతురు సుగుణ ఉంటోంది. ఆటో దిగేసరికి ఎదురొచ్చి, సంచీ అందుకుంటూనే నవ్వాపుకోలేక చెప్పింది. "అక్కా, చూశావా? ఆ రోడ్డు మీద గుడ్డ కప్పుకుని నుంచుంది చూడు, అదే వాళ్ళ కొత్త కారు. షెడ్డులో దూరలేదు. అద్దాలు మడిచి మరీ తోశారు. ఊహూ. మీ పెదనాన్న గారబ్బాయి బాబీ తిట్టని తిట్టు లేదు మేస్త్రీని. ఆ మేస్త్రీ చచ్చి ఎన్నాళ్ళయిందో!"

నేనూ నవ్వాను. నవ్వుతూనే షెడ్డు పక్కన మిగిలిన సందులోంచి సంచీ ముందు, సుగుణ తర్వాత, నేను ఆఖర, ఒకరి వెనక ఒకరం లోపలికి నడిచాం. ఆ సందులో ఇద్దరు పక్కపక్కన నడవలేరు. ఒకవైపు షెడ్డు గోడ, మరోవైపు బడి ప్రహరీ. నా మోచెయ్యి గోడకి గీరుకుంది. అక్కడితో నవ్వు పోయింది. మా నాన్నని తినేసిన షెడ్డు ఇప్పుడు కారుకి కూడా పనికిరాకుండా పోయిందంటే సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. తలుపు సందులోంచి లోపలికి తొంగి చూశాను. ఖాళీ ప్లాస్టిక్ ట్రేలు, చక్రం ఊడిన స్కూటరు, ఎలుకలు కొట్టిన గోనె సంచులు. దీని కోసం.

ఆ చోటు ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పాలి. ముందు వైపు రోడ్డు మీదికి ప్రకాశం పెదనాన్న గారి ఇల్లు, వెనక మా ఇల్లు. ఆయన మాకు రక్తసంబంధం కాదు. వాళ్ళ తాతా, మా తాతా కలిసి కూలికి వెళ్ళి, కలిసి ప్రార్థనకి వెళ్ళి, కలిసి ఆ స్థలం కొనుక్కున్నారు. రోడ్డు నుంచి మా వాకిట్లోకి ఎడ్లబండి పట్టేంత సందు ఇద్దరిదీ అని నోటిమాటగా వదులుకున్నారు. ఆ కాలంలో మాట చాలనుకునేవాళ్ళు. పెదనాన్న తోటల కాపు కొనేవాడు. పూత మీద బేరం ఆడుకుని, కాయ కోసి, మార్కెట్టుకి తోలేవాడు. మా నాన్న పక్క ఊరి బళ్ళో మాస్టారు. పెదనాన్నని ఆయన "అన్నయ్యా" అనేవారు, పెదనాన్న ఆయన్ని "తమ్ముడూ" అనేవాడు. సంఘంలో పెదనాన్న పెద్ద. కానుకల పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగేది ఆయనే.

మామిడి కాలం వచ్చిందంటే ఆ సందు మీద తాటాకు పందిరి లేచేది. ఎండ తగలకుండా కాయ ఆరబోసుకోవడానికి అంతకంటే చల్లని చోటు లేదు. పందిరికి వెదుళ్ళు మా పెరట్లోంచే వెళ్ళేవి, తాటాకు వాళ్ళు తెచ్చేవాళ్ళు. రసాలు ఒకవైపు, బంగినపల్లి ఒకవైపు, పచ్చడికి పోయే కలెక్టరు కాయ గోడవార కుప్పగా. కోసిన కాయ ముచికలోంచి కారే సొన వాసన, వరిగడ్డి వాసన, దాని అడుగున మాగుతున్న రసాల తియ్యటి వాసన మా పుస్తకాల్లోకీ, బట్టల్లోకీ, చర్చికి కట్టుకెళ్ళే లంగాల్లోకీ ఎక్కేవి. మా నాయనమ్మ పొద్దున్నే లేచి, ముఖం కడుక్కోకముందే గడ్డిలో చెయ్యి పెట్టేది. కళ్ళు సరిగా కనబడేవి కావు. అయినా కాయని ముక్కు దగ్గర పెట్టుకుని "ఇది రేపటికి, ఇది ఎల్లుండికి" అని వేరు చేసేది. పెదనాన్న సరుకులోనూ, మా నాలుగు చెట్ల కాయలోనూ ఆవిడ చెయ్యి ఒకేలా తిరిగేది. ఎస్తేరు పెద్దమ్మ, అంటే పెదనాన్న భార్య, కాఫీ గ్లాసు తెచ్చి ఆవిడ పక్కన పెట్టేది. "అత్తమ్మా, చల్లారిపోద్ది, తాగండి" అంటే, "నీ కాఫీ ఎక్కడికీ పోదులేవే, ఈ కాయ పోద్ది" అనేది నాయనమ్మ. ఇప్పుడు ఊళ్ళో ఎవరూ గడ్డిలో మాగెయ్యరు. ట్రేల మధ్య మందు పొట్లాలు పెడతారు, పొద్దుటికల్లా పసుపురంగు వచ్చేస్తుంది. వాసన రాదు.

తొలకరి పడగానే పందిరి పీకెయ్యడం ఆచారం. పీకిన వెదుళ్ళు మా పెరట్లో, తాటాకు వాళ్ళ పొయ్యిలో. ఒక ఏడు తొలకరి పడింది, పందిరి పీకలేదు. ముందు కనిపెట్టింది కళ్ళు కనబడని నాయనమ్మే. మంచం మీద కూర్చుని చెవి రిక్కించి, "ఒరే అబ్బాయ్, వాన తాటాకు మీద పడుతున్న చప్పుడొస్తందేంట్రా? ఇంకా పీకలేదా?" అంది. నాన్న, "పీకుతాళ్ళేమ్మా, అన్నయ్య పనుల్లో ఉన్నాడు" అన్నారు. అన్నయ్య పనుల్లోనే ఉన్నాడు. ఆ సంవత్సరం కాపు బాగా కలిసొచ్చి, ఊళ్ళో ఎవరికీ లేని తెల్ల అంబాసిడర్ కారు కొన్నాడు. దాన్ని తెచ్చి పందిరి కింద పెట్టాడు. మేము పిల్లలం గంతులేశాం. నాన్న కూడా చూసి ముచ్చటపడ్డారు. "ఎండకి రంగు పోతుంది, ఉండనీ" అన్నారు. చనువిస్తే చంకనెక్కడమంటే ఏమిటో మా ఇంట్లో అప్పటికి ఎవరికీ తెలియదు.

తర్వాత తాటాకు పోయి రేకులొచ్చాయి. వెదుళ్ళ స్థానంలో ఇనప గొట్టాలొచ్చాయి. ఒకరోజు సాయంత్రం బడి నుంచి నాన్న సైకిలు మీద వచ్చేసరికి సందులో పునాది తవ్వి ఉంది. నేను సైకిలు వెనక సీటు మీద ఉన్నాను. నాన్న సైకిలు దిగి స్టాండు కూడా వెయ్యలేదు, హ్యాండిలు పట్టుకునే నిలబడ్డారు.

"అన్నయ్యా, ఇదేంటి? గోడ కట్టేస్తే మాకు బండెట్టా వచ్చుద్ది?"

పెదనాన్న మేస్త్రీకి దారం పట్టిస్తూ తల తిప్పాడు. నవ్వాడు కూడా. "మీకు బండెక్కడుందిరా తమ్ముడూ? ఎద్దుల్ని అమ్ముకుని ఎన్నాళ్ళయింది? నీ సైకిలుకి దారి వదిలానుగా."

మేస్త్రీ నవ్వాడు. పక్కన ఇసుక మోస్తున్నవాళ్ళు నవ్వారు. నాన్న మెత్తటి మనిషి. బళ్ళో బెత్తం కూడా వాడేవారు కాదు. ఆ రోజు ఆయన గొంతులోంచి వచ్చిన అరుపు నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. "సొంత తమ్ముడంటూనే నోటి దగ్గర కూడు లాక్కున్నట్టు దారి లాక్కుంటావా? కాపు కొన్నట్టు మమ్మల్ని కూడా కొన్నావా?" అన్నారు. పెదనాన్న దారం వదిలేసి, "మాస్టారూ, మాట జారకండి" అన్నాడు. తమ్ముడు పోయి మాస్టారు అయ్యింది ఆ నిమిషంలోనే. ఆ తర్వాత ఆయన మా నాన్నని ఇంకోలా పిలవలేదు.

కోర్టుకి వెళ్దామని అమ్మ అంది. సంఘంలో వాళ్ళు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కడం నామర్దా అని నాన్న ఒప్పుకోలేదు. పెద్దలున్నారు, అయ్యగారున్నారు, మాట్లాడదాం అన్నారు. అయ్యగారంటే మా పాస్టరు గారు. ఈలోగా నెలలో మొదటి ఆదివారం వచ్చింది. ఆ ఆదివారం మాకు బల్ల, అంటే ప్రభువు భోజనం. రొట్టె ముక్కలు పళ్ళెంలో వస్తాయి, ద్రాక్షరసం చిన్న గ్లాసుల్లో వస్తుంది. బాప్తిస్మం తీసుకున్న పెద్దవాళ్ళే తీసుకోవాలి. మేము పిల్లలం తీసుకోకూడదు కాబట్టి, ఎవరెలా తీసుకుంటున్నారో చూడ్డమే మాకు పని. ఒకాయన రొట్టెని గబుక్కున నోట్లో వేసుకునేవాడు, ఒకావిడ కొంగులో పట్టుకుని ఏడ్చేది. కోపం మనసులో పెట్టుకుని బల్ల దగ్గర చెయ్యి చాపకూడదని మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నేర్పారు. అందరూ నేర్చుకున్నారు. పాటించిన మనిషిని మాత్రం నేను ఒక్కరినే చూశాను. ఆ ఆదివారం మగవాళ్ళ వైపు చాపల మీద పళ్ళెం మా నాన్న దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని అందుకుని, ఏమీ తీసుకోకుండా పక్కవాడికి ఇచ్చేశారు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తల దించుకున్నారు. ఆ పళ్ళెం పట్టుకుని నిలబడ్డది ప్రకాశం పెదనాన్న. ఆయన అంతకుముందే తీసుకున్నాడు, అందరికంటే ముందు.

ఇంటికొచ్చాక అమ్మ విరుచుకుపడింది. "దారి మింగినాయన చెయ్యి చాపాడు. మీరేమో ముడుచుకు కూర్చున్నారు. చూసేవాళ్ళు ఏమనుకుంటారండీ?"

"ఎవరేమనుకుంటే ఏంటి? నా మనసులో కోపం ఉంది. ఉంచుకుని ఎట్టా తీసుకోను?"

"ఆయన్లో లేదా?"

"ఆయన సంగతి ఆయనకీ దేవుడికీ తెలుసు. నా సంగతి నాకు తెలుసు."

నాన్న తెలివైనవారే. ఎన్నో తరాల పిల్లల చేత లెక్కలు చెప్పించినవారు. ఊరి లెక్క మాత్రం ఆయనకి ఏనాడూ రాలేదు. మా సంఘంలో బల్ల మానేసినవాడంటే రహస్యంగా ఏదో తప్పు చేసినవాడని అర్థం. తాగుబోతులు మానేస్తారు, పరాయి ఆడదాని దగ్గరికి వెళ్ళేవాళ్ళు మానేస్తారు. అందుకని నాన్న మానేసిన మర్నాటి నుంచే నూతి దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. "మాస్టారిలో ఏదో ఉంది. లేకపోతే ఎందుకు మానేస్తాడు?" "ఆ దారి అసలు వాళ్ళదేనేమో. తప్పుడు పేచీ పెట్టి, ఇప్పుడు దేవుడికి భయపడుతున్నాడు." పునాది మీద గోడలు లేవడం అందరి కళ్ళకీ కనబడుతూనే ఉంది. అది కాదు వాళ్ళు చూసింది, నాన్న ముడుచుకున్న చేతులు చూశారు.

చర్చి వరండాలో పెద్దలు కూర్చున్న రోజు నేను నాయనమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. దారి ఎవరిది, తాతలు ఏమన్నారు అనే మాట ఎవరూ ఎత్తలేదు. అయ్యగారు మొదట అడిగింది బల్ల గురించే.

"మాస్టారూ, బల్ల ఎందుకు మానేశారండీ?"

"మనసులో కోపం ఉందండి, అయ్యగారూ."

"అంటే మీ మనసు శుభ్రంగా లేదని మీరే ఒప్పుకుంటున్నారు కదా."

నాన్న, "అవునండి" అన్నారు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. అయ్యగారు పెదనాన్న వైపు తిరిగారు. పెదనాన్న తెల్ల పంచె సర్దుకుని, రెండు చేతులూ జోడించి లేచాడు. "నాకు మాస్టారి మీద ఏ కోపమూ లేదయ్యగారూ. ఆయనన్న మాటలన్నీ నేను ఆ రోజే క్షమించేశాను. ప్రతి నెలా బల్ల తీసుకుంటున్నాను, మీరు చూస్తూనే ఉన్నారు." పెద్దలందరూ తలలూపారు. ఒకాయన "ప్రభువుకి స్తోత్రం" అన్నాడు కూడా. దోచుకున్నవాడు దోపిడీకి గురైనవాణ్ణి క్షమించడం నా జీవితంలో మొదటిసారి చూసింది అక్కడే. తర్వాత చాలా చోట్ల చూశాను. నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పిసికి, అందరికీ వినబడేట్టు, "ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంట, మన దేవుడేం పడతాడ్లే" అంది. ఆవిణ్ణి ముసలావిడని వదిలేశారు. షెడ్డు ఉండాలని, మనిషి నడిచేంత వదలాలని, ఇద్దరూ చేతులు కలపాలని తీర్పు చెప్పారు. పెదనాన్న చెయ్యి చాపాడు. నాన్న కలపలేదు. దాంతో మొండివాడన్న పేరు కూడా వచ్చింది.

షెడ్డు పూర్తయింది. ముందు షట్టరు, వెనక మా వాకిటి వైపు కాయ దించుకోవడానికి రెండు రెక్కల తలుపు. రోజూ పొద్దున షట్టరు ఎత్తే చప్పుడుకి మేము నిద్ర లేచేవాళ్ళం. నాన్న సైకిలు సందులో పెడల్ గోడకి తగులుతుందని చేత్తో ఎత్తి పట్టుకుని వెళ్ళేవారు. ఎస్తేరు పెద్దమ్మ కాఫీ తేవడం మానేసింది. నాయనమ్మ మాత్రం మామిడి కాలం రాగానే పొద్దున్నే లేచి, అలవాటు ప్రకారం చెయ్యి చాపుకుంటూ సందు వైపు వెళ్ళి, గోడని తడిమి, వెనక్కి వచ్చేది. "ఏం వెతుకుతున్నావే నాయనమ్మా?" అని నేను అడిగితే, "వాసన ఇవతలికి రావట్లేదే" అనేది.

ఆవిడ పోయింది కూడా మామిడి కాలంలోనే, మధ్యాహ్నం అన్నం తిని పడుకుని. వడ్రంగి పెట్టె చేసి తెచ్చాడు. ఖాళీ పెట్టెని నిలువుగా లేపి సందులోంచి ఎలాగో లోపలికి పట్టుకొచ్చారు. మనిషిని పెట్టాక నిలువుగా లేపలేరు కదా. మా గుమ్మం నుంచి సందులోకి తిరిగే మలుపు దగ్గర పెట్టె ఇరుక్కుపోయింది. నలుగురు మోస్తున్నారు, మోసేవాళ్ళకి కాలు పెట్టే చోటు లేదు. వెనక్కి, ముందుకి, మళ్ళీ వెనక్కి. పాట పాడుతున్న ఆడవాళ్ళు ఆపేశారు. బడి గోడ మీంచి దాటిద్దామని ఎవరో అన్నారు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. అప్పుడు రెండు రెక్కల తలుపు తెరుచుకుంది. పెదనాన్న కారుని రోడ్డు మీదికి తీయించి, షెడ్డు ఊడ్పించి, గుమ్మంలో చేతులు జోడించి నిలబడ్డాడు.

"ఇట్టా తీసుకురండయ్యా. నాకేం అభ్యంతరం లేదు. పిన్నమ్మ మాకు మాత్రం పరాయిదా?"

జనం ఊపిరి పీల్చుకున్నారు. "ఎంత మంచి మనసండీ" అని ఒకావిడ నా పక్కనే అంది. అంత గొడవ పెట్టుకున్నా మనసులో ఏమీ పెట్టుకోలేదు చూడు, దేవుడి మనిషంటే ఆయనే అంది. తన దారిలోంచి తను వెళ్ళడానికి మా నాయనమ్మకి ఆయన సెలవిచ్చాడు. నూనె మరకలు పడ్డ సిమెంటు నేల మీదుగా, పెట్రోలు వాసనలోంచి, ఒకప్పుడు ఆవిడ గడ్డి తడిమిన చోటు మీదుగా పెట్టె వెళ్ళిపోయింది. కొడుకు కాబట్టి నాన్న పెట్టె ముందు నడవాలి. ఆయన షెడ్డులో అడుగు పెట్టలేదు. సందులోంచి ఒక్కరే, భుజం పక్కకి తిప్పుకుని నడిచి, రోడ్డు మీద పెట్టెని కలుసుకున్నారు. తల్లి శవం దగ్గర కూడా పంతమేనా అని జనంలో వాళ్ళు అన్నారు. ఆ మాట అన్నవాళ్ళెవరో నాకు ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళలో కొందరి సమాధులు ఊళ్ళో నాన్న సమాధి పక్కనే ఉన్నాయి.

నాన్న మళ్ళీ బల్ల తీసుకోలేదు. నా బాప్తిస్మం నాడు తీసుకోలేదు, పెళ్ళినాడు తీసుకోలేదు. ఆఖరి రోజుల్లో ఏలూరులో మా ఇంట్లో మంచాన పడ్డప్పుడు, మా సంఘం అయ్యగారు కుర్రాడు, రొట్టె పట్టుకుని ఇంటికే వచ్చాడు. నాన్న దాని వంక చాలాసేపు చూశారు. ఆకలైనవాడు అన్నం వంక చూసినట్టే చూశారు. తర్వాత తల అడ్డంగా ఊపి, "వద్దు బాబూ. అది నాలో ఇంకా ఉంది" అన్నారు. అది ఏమిటో ఆ కుర్రాడికి తెలియదు. నేను చెప్పలేదు. దారి పోయినందుకు నేను ఎప్పుడో సర్దుకున్నాను. ఆ ముక్క రొట్టె పోయినందుకు సర్దుకోలేదు. నిజాయితీగా ఉన్నందుకు ఆయన్ని ఆకలితో పంపించారు.

మొన్న నేను వెళ్ళినప్పుడు మర్నాడు మొదటి ఆదివారం. సుగుణ రమ్మంటే చర్చికి వెళ్ళాను. చాపలు పోయి కుర్చీలు వచ్చాయి, ఫ్యాన్లు వచ్చాయి, చెవులు పగిలే మైకు వచ్చింది. ముందు వరస చివర చక్రాల కుర్చీలో ప్రకాశం పెదనాన్న ఉన్నాడు. ఎండిన టెంకలా అయిపోయాడు. చూపు మాత్రం తగ్గలేదు. బాబీ వంగి చెవిలో నేనెవరినో చెప్పగానే చెయ్యి పట్టుకున్నాడు.

"మాస్టారి కూతురివా అమ్మా! మీ నాన్న మంచోడమ్మా. ఆ కోపమే ఆయన్ని తినేసింది. నేనెప్పుడో క్షమించేశాను తల్లీ."

"కారు షెడ్డులో పట్టలేదంట కదా పెదనాన్నా" అన్నాను. నాకు వచ్చిన జవాబు అదొక్కటే. ఆయన అర్థం కానట్టు నవ్వి, "దాన్ని కొట్టేసి పెద్దది కట్టమన్నాను బాబీని. పక్కన ఇంకా ఉంది కదా చోటు" అన్నాడు. పక్కన ఉన్నది సైకిలుకి వదిలిన దారి. సుగుణ నా పక్కనే ఉంది, ఆ మాట విని దాని ముఖం పాలిపోయింది.

పాట అయింది, ప్రసంగం అయింది, పళ్ళెం వచ్చింది. ముందు పెదనాన్న వణికే చెయ్యి చాపి తీసుకున్నాడు. వరస వెంట నా దగ్గరికి వచ్చేసరికి నా ఒళ్ళంతా మండుతూనే ఉంది. నాన్న ఉంటే ఏం చేసేవారో నాకు తెలుసు. నేను పళ్ళెం పక్కకి జరిపితే రేపు పొద్దున్నే ఊళ్ళో ఏమంటారో, ఆ మాట పట్టుకుని సుగుణ నడిచే సందులోకి షెడ్డు గోడ ఎంత జరుగుతుందో కూడా తెలుసు. చెయ్యి చాపాను. రొట్టె తీసుకున్నాను. నమిలి మింగాను. క్షమించలేదు. ఒక్క రవ్వ కూడా క్షమించలేదు.

వెనక కుర్చీల్లోంచి ఒకావిడ పక్కావిడతో మెల్లగా అనడం వినబడింది. "తండ్రిలా కాదండీ, ఈవిడ మంచిది."